పులిరాజాను అడిగారు, మా పెద్దవ్వను అడగలేదు

పాలమూరు గురించి రాసేవాళ్లు కరువు అని ఒక మాట, వలస అని ఒక మాట రాసి ఊరుకుంటారు. ఆ రెండు మాటల నడుమ మా మాదిగవాడ ఆడోళ్ల బతుకు పడి ఉంది. దాన్ని ఎవరూ చరిత్ర అనరు. ఆచారం అంటారు, లేకపోతే రోగం అంటారు. నేను సర్కారు బడిలో జీవశాస్త్రం చెప్పే టీచర్ని. అమ్మ దిక్కు చూసినా, నాయిన దిక్కు చూసినా మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. పాఠాలు చెప్పడం నా పని కాబట్టి పాఠాల చరిత్రే రాస్తాను.

మా వాడకు బయటి నుంచి రెండు పాఠాలు వచ్చాయి. ఆడపిల్ల మీద బలాత్కారం నేరమనేది ఒకటి. ఎయిడ్స్ రాకుండా జాగ్రత్తగా ఉండాలనేది ఇంకొకటి. మొదటిది పోలీసుల చేతిలో, కోర్టుల చేతిలో ఉండింది. రెండోది డాక్టర్ల చేతిలో ఉండింది. రెండూ వేరువేరు దారుల్లో వచ్చి, మా వాడలో ఒకదాని మొకం ఒకటి చూడకుండానే తిరిగిపోయాయి. ఆ నడుమ ఎంతమంది పోయారో లెక్క రాసినవాళ్లు లేరు.

మా అమ్మ అక్క, మా పెద్దవ్వ, జోగిని. ఏడెనిమిదేళ్లప్పుడు ఆమెను ఎల్లమ్మకిచ్చి పెళ్లి చేశారు. ఊళ్లో గత్తర వచ్చిందనో, ఇంట్లో పిల్లలు దక్కడం లేదనో, కొడుకు లేడనో ఏదో ఒక కారణం చెప్పేవాళ్లు. కారణం ఏదైనా ఇచ్చేది మాత్రం మాల మాదిగ పిల్లనే. పటేలు బిడ్డను ఎల్లమ్మ ఎన్నడూ అడగలేదు. పిల్ల పెద్దమనిషి అయినాక ఎవరి దగ్గరికి పోవాలో ఊరి పెద్దలే తేల్చేవాళ్లు. ఆ తర్వాత ఆమె ఊరందరి మనిషి. జాతరలో ఆడాలి, పీనుగు ముందర ఆడాలి, పిలిస్తే పోవాలి. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జోగిని అన్నారు. చిత్తూరు దిక్కు మాతమ్మ అన్నారు. అనంతపురం, కర్నూలు దిక్కు బసివి అన్నారు. పేర్లు మారినా పిల్ల ఏ వాడ పిల్లనో మారలేదు.

పన్నెండు, పదమూడేళ్ల పిల్ల మీద జరిగిన ఆ పనిని మా వాడలో ఎవరూ బలాత్కారం అనలేదు. "పటేలు ఉంచుకున్నడు" అనేవాళ్లు. ఉంచుకోవడం అంటే ఏదో ఆదరించినట్టు వినబడుతుంది. పెద్దవ్వ కొడుకును, మా అన్నను, బడిలో వేసేటప్పుడు తండ్రి పేరు గడిలో ఏం రాయాలో తెలియక మా తాత పేరు రాయించారు. ఎవరు తండ్రో ఊరందరికీ తెలుసు. రిజిస్టరుకే తెలియదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ముత్తులక్ష్మీరెడ్డి మద్రాసు శాసనమండలిలో మొదలుపెట్టిన కొట్లాట 1947లో దేవదాసీ నిరోధక చట్టం అయింది. అది మద్రాసు రాష్ట్రానిది. గుడి నాట్యం, గుడి మాన్యం ఉన్న దేవదాసీల గురించి దేశమంతా మాట్లాడింది. గుడే లేని, చెట్టు కింది ఎల్లమ్మకిచ్చిన మాదిగ పిల్లల గురించి మాట్లాడటానికి ఇంకా నలభై ఏళ్లు పట్టింది. నిజామాబాద్ జిల్లాలో హేమలతా లవణం వంటివాళ్లు జోగినుల మధ్య పని చేశారు. 1988లో ఆంధ్రప్రదేశ్ దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. నేను పుట్టింది ఆ ఏడే. చట్టం పుట్టిన సంగతి మా వాడకు తెలియడానికి నేను అయిదో తరగతికి రావలసి వచ్చింది.

అదే కాలంలో బలాత్కారం చట్టం కూడా మారుతూ వచ్చింది. మహారాష్ట్రలో దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లో 1972లో మథుర అనే ఆదివాసీ పిల్ల మీద పోలీసులు అత్యాచారం చేస్తే, ఒంటి మీద గాయాలు లేవు కదా అని సుప్రీంకోర్టు 1978లో వాళ్లను వదిలిపెట్టింది. అదే 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు, ఆమె భర్తను కొట్టి చంపారు. జనం తిరగబడితే విచారణ కమిషన్ వేశారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పని తేల్చింది. పోలీసులు మాత్రం ఆమెను వ్యభిచారిణి అన్నారు. కేసు రాయచూరు కోర్టుకు పోయింది, అక్కడ నిందితులు విడుదలయ్యారు. ఈ రెండు ఘటనల మీద ఆడవాళ్లు చేసిన పోరాటం వల్లనే 1983లో చట్టం మారింది. పోలీసుల నిర్బంధంలో జరిగితే, ఆమె సమ్మతించలేదని చెప్పినప్పుడు కోర్టు దాన్నే నమ్మి మొదలుపెట్టాలని వచ్చింది. సమ్మతి అనే మాట అట్లా కోర్టులో గట్టిగా నిలబడింది.

మూడేళ్లకే ఇంకో కథ మొదలైంది. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల, వ్యభిచారం పేరు మీద పట్టుకొచ్చి హోంలో పెట్టిన ఆడవాళ్ల రక్తం తీసింది. వెల్లూరులో పరీక్ష చేస్తే ఆరుగురికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. ఈ దేశంలో ఆ వైరస్‌ను కనిపెట్టింది అక్కడే. ఆ డాక్టర్ల పని గొప్పదే, దానివల్లనే దేశం మేల్కొంది. కానీ ఒక్క సంగతి చూడండి. మన దేశపు ఎయిడ్స్ చరిత్రలో మొదటి పేజీ తాళం వేసిన గదిలో ఉన్న ఆడవాళ్ల రక్తంతో రాశారు. వాళ్లు ఆ పనిలోకి ఎట్లా వచ్చారు, ఎవరు తెచ్చారు, మొదటిసారి ఎవరు బలవంతం చేశారు అనేవి ఆ పేజీలో లేవు. వాళ్ల నుంచి ఎవరికి అంటుకుంటుందనే భయమే దేశమంతా పాకింది. కోర్టులో మూడేళ్ల కింద నిలబడ్డ సమ్మతి అనే మాట ఆస్పత్రి గడప దాటి లోపలికి రాలేదు.

1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వచ్చింది. 1998లో మన రాష్ట్రానికి ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ వచ్చింది. లారీ డ్రైవర్లు, వలస కూలీలు, వ్యభిచార వృత్తిలో ఉన్నవాళ్లు అని జాబితాలు వేశారు. మా పాలమూరు మొగోళ్లు బొంబాయికి, పూనాకు మట్టి పనికి పోయేవాళ్లు. బొంబాయిలో కామాటిపురాకు ఆ పేరు రావడమే మన తెలుగు కామాటీల వల్ల అంటారు. ఆ వాడ కట్టడానికి మనవాళ్లు పోయారు. అదే వాడలో అమ్ముడుపోవడానికి మన ఆడపిల్లలూ పోయారు. ప్రచారం చేసేవాళ్లు "జాగ్రత్త" అన్నారు. కండోమ్ వాడండి, ఒక్కరితోనే ఉండండి, లేదా దూరంగా ఉండండి అన్నారు. ఈ మూడు మాటలూ ఎంచుకునే హక్కు ఉన్నవాడికి చెప్పే మాటలు. పటేలుకు కండోమ్ ఇచ్చి తొడుక్కోమని చెప్పే జోగిని ఏ ఊళ్లో ఉంది? తాగొచ్చిన పెనిమిటిని దూరం ఉండమనే కూలామె ఏ వాడలో ఉంది?

2003 ప్రాంతంలో నేను పదో తరగతిలో ఉండగా రోడ్ల పొడుగునా, బస్టాండుల్లో ఒక ప్రశ్న వెలిసింది. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" మీలో ఆ వయసువాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. పులిరాజా ఎవరో తెలియక జనం నవ్వుకున్నారు, పాటలు కట్టుకున్నారు. సిగ్గుతో నోరు తెరవని రోగం పేరు టీ బండి దగ్గర నలుగురి నోట్లో పడింది, అది మంచే జరిగింది. మా పెద్దవ్వకు చదువు రాదు. బస్సు కోసం నిలబడ్డప్పుడు నేనే చదివి అర్థం చెప్పాను. ఆమె కొంచెం సేపు ఊరుకొని "గా పులిరాజా ఎవలింటికి పోతడో, ఆమె సంగతేంది బిడ్డా?" అన్నది. నేనేం చెప్పగలను? ఆమె అడిగింది ఏ గోడ మీదా రాయలేదు.

అప్పటికే ఆమెకు జ్వరం తగ్గడం లేదు. ఒళ్లు గుంజుకపోయింది. ఎడతెగని దగ్గు. టీబీ అన్నారు, తర్వాత రక్తం పరీక్ష చేసి ఇంకోటి అన్నారు. ఆస్పత్రిలో ఆమె మంచాన్ని వరండాలోకి మార్చారు. ఏ ఆస్పత్రో చెప్పడం ఇక్కడ అక్కర లేదు, ఆ రోజుల్లో చాలా చోట్ల అట్లాగే ఉండేది. ఊరికి తెలిసినాక మా వాడవాళ్లే ఆమెను బోరింగు దగ్గర నీళ్లు పట్టనియ్యలేదు. ఆమె నుంచి ఎవరికి వస్తుందోనని అందరూ అడిగారు. ఆమెకు ఎవరి నుంచి వచ్చిందని ఒక్కరూ అడగలేదు. 2004 ఏప్రిల్ 1న కేంద్ర ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట కొన్ని పెద్ద ఆస్పత్రుల్లోనే. ఆ మందు సంగతి మా వాడ దాకా రాకముందే, 2005 ఎండకాలంలో పెద్దవ్వ పోయింది. జీవితమంతా ఊరి పీనుగుల ముందర ఆడిన మనిషి. ఆమె పీనుగు వెంట ఊరి నుంచి ఎవరూ రాలేదు.

తర్వాత నేను చదువుకున్న లెక్కలు ఆమె ప్రశ్నకు జవాబులయ్యాయి. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటా పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల వాళ్లలో హెచ్‌ఐవీ 0.28 శాతం ఉంటే మన ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం ఉంది. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో మూడోవంతుకు పైగా భర్త చేతిలో హింస పడ్డామని చెప్పారు. ఈ రెండు లెక్కలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, వేరువేరు అధ్యాయాల్లో. 2008లో పరిశోధకులు ఆ రెండింటినీ కలిపి చూశారు. దేశంలో 28 వేల మందికి పైగా పెళ్లయిన ఆడవాళ్ల వివరాలు తీశారు. భర్త కొట్టడమే కాక పడక మీద బలవంతం కూడా చేసిన ఆడవాళ్లలో హెచ్‌ఐవీ 0.73 శాతం. ఏ హింసా లేనివాళ్లలో 0.19 శాతం. దగ్గర దగ్గర నాలుగింతలు. ఇండ్లలో ఉన్న ఆడవాళ్ల లెక్కే ఇది. ఇంటి గోడలే లేని జోగినుల లెక్క ఇందులో లేదు.

దీనికి కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. బలవంతంలో ఒళ్లు చీరుకుపోతుంది, వైరస్‌కు దారి దొరుకుతుంది. చిన్నపిల్ల అయితే ఇంకా ఎక్కువ. కొట్టే మొగోడు కండోమ్ వాడడు. కొట్టేవాడికి బయట తిరుగుళ్లు ఉండటమూ ఎక్కువే. దెబ్బలకు భయపడే ఆడామె పరీక్షకు పోదు, పోయినా సంగతి ఇంట్లో చెప్పదు, మందు డబ్బా దాచుకుంటుంది, మధ్యలో ఆపేస్తుంది. హింస రోగాన్ని తెస్తది, రోగం మళ్లీ హింసను తెస్తది.

ఈ ముడిని మనకంటే ముందు గట్టిగా పట్టుకున్నది ఆఫ్రికా ఆడవాళ్లు. ఉగాండా పల్లెల్లో 1990ల్లో మొగోళ్లను, ఆడోళ్లను, పడుచువాళ్లను, ముసలివాళ్లను వేరువేరుగా కూర్చోబెట్టి, తర్వాత అందరినీ కలిపి, ఎయిడ్స్ గురించీ ఇంట్లో బలవంతం గురించీ ఒకే పాఠంగా మాట్లాడించే పద్ధతి పుట్టింది. దక్షిణాఫ్రికాలో దాన్ని పరీక్షించి 2008లో ఫలితాలు చెప్పారు. కొత్తగా హెచ్‌ఐవీ రావడం తగ్గినట్టు తేలలేదు. మొగోళ్లు మాత్రం రెండేళ్ల తర్వాత కూడా తక్కువ హింస చేస్తున్నామన్నారు. హెర్పిస్ అనే సుఖరోగం మూడోవంతు తగ్గింది. అదే దేశంలో లింపోపో పల్లెల్లో పేద ఆడవాళ్లకు అప్పులిచ్చే సంఘాల్లోనే ఈ పాఠం కూడా చెప్పారు. రెండేళ్లలో భర్తల హింస 55 శాతం తగ్గిందని 2006లో తేలింది. చేతిలో రూపాయి, నోట్లో మాట రెండూ కలిస్తేనే పని జరిగింది. మనకు డ్వాక్రా సంఘాలు ఊరూరా ఉన్నాయి. మా అమ్మ సంఘంలో పొదుపు లెక్క చూసేవాళ్లు, అప్పు కిస్తీ చూసేవాళ్లు. ఈ ముచ్చట అక్కడ రాలేదు.

బడి సంగతి చూద్దాం. 2005లో కేంద్రం కౌమార విద్యా కార్యక్రమం అని మొదలుపెట్టింది. 2007 వచ్చేసరికి మన సంస్కృతికి పడదని చాలా రాష్ట్రాలు దాన్ని ఆపేశాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ బళ్లలో లైంగిక విద్య వద్దని చెప్పింది. ఎవరి సంస్కృతి? ఎనిమిదేళ్ల పిల్లకు తాళి కట్టి ఊరికి అప్పజెప్పినప్పుడు ఈ సంస్కృతికి సిగ్గు కాలేదు. ఆ పిల్లకు తన ఒంటి పేర్లు చెప్తే మాత్రం సిగ్గయింది.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే నవంబర్ 14న పోక్సో చట్టం అమలులోకి వచ్చింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల విషయంలో సమ్మతి అన్న మాటే చెల్లదని అది చెప్పింది. ఢిల్లీ ఘటన తర్వాత 2013లో చట్టం మళ్లీ మారింది. అత్యాచారానికి గురైన మనిషి వస్తే ఏ ఆస్పత్రి అయినా, సర్కారుదైనా ప్రైవేటుదైనా, పైసా తీసుకోకుండా వెంటనే వైద్యం చేయాలి. చేయకపోతే నేరం. 2024 జూలై నుంచి అమలైన కొత్త చట్టాల్లోనూ ఆ మాట ఉంది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో హెచ్‌ఐవీ రాకుండా మందు కూడా చేర్చారు. దాన్ని పెప్ అంటారు. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. ఆస్పత్రుల్లో సూది గుచ్చుకున్న నర్సుకూ డాక్టరుకూ ఇచ్చే మందు ఇదే. రెండు పాఠాలు కాగితం మీద కలిసిన చోటు ఇది. వాడలో ఎప్పుడు కలుస్తాయి?

కొన్నేళ్ల కింద నాకు తెలిసిన ఒక పిల్ల మీద అత్యాచారం జరిగింది. పిల్లను గుర్తుపట్టే వివరం ఏదీ రాయను, రాయకూడదు. చేసినవాడు ఊరి మనిషి, వాళ్ల పొలంలోనే ఈ పిల్ల తల్లి కూలికి పోయేది. కులపెద్దలు, ఊరిపెద్దలు కూర్చున్నారు. పైసలిస్తామన్నారు, ఇంత అన్నారు, అంత అన్నారు. అయిదు రోజులు పంచాయితీ నడిచింది. మందుకున్న గడువు మూడు రోజులు. ఆరో రోజు ఆ తల్లి నా దగ్గరికి వచ్చింది. ఆ పొద్దే కేసు పెట్టించాం, ఆస్పత్రికి తీసుకపోయాం. డాక్టరమ్మ మంచి మనిషి, పిల్లతో నెమ్మదిగా మాట్లాడింది. పెప్ గడువు దాటిపోయిందని మాత్రం చెప్పక తప్పలేదు. తల్లి నా దిక్కు తిరిగి "టీచరమ్మా, మూడు దినాలని మాకెవలు చెప్పిన్రు?" అన్నది. మూడు నెలలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి రక్తం పరీక్ష. ఆ ఆరు నెలలూ ఆ పిల్ల నిద్రపోలేదు. చివరికి ఏమీ లేదని తేలింది. అదృష్టం వల్ల బతికితే దాన్ని చదువు అనలేం.

పంచాయితీ అంటే పరువు కోసమనో, పైసల కోసమనో అనుకుంటాం. దాంట్లో కరిగిపోయేది పిల్ల ఒంట్లోని గంటలు. ఈ మాట తల్లులకు చెప్తే అర్థమైనంతగా ఏ చట్టమూ అర్థం కాలేదు. కేసు వద్దన్న తల్లి కూడా మందు కోసం ఆస్పత్రికి పోదాం అంటుంది. ఆస్పత్రికి పోతే వైద్యం ముందు జరగాలి, పోలీసు కాగితం లేదని తిప్పి పంపకూడదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల అయితే తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పడం చట్ట ప్రకారం తప్పనిసరి, టీచర్లకు కూడా. పిల్లకు హెచ్‌ఐవీ పరీక్ష చేసేముందు ఇంటివాళ్ల సమ్మతి తీసుకోవాలనీ, ఫలితం గుట్టుగా ఉంచాలనీ, రోగం పేరు మీద బడిలో గానీ ఆస్పత్రిలో గానీ వెలివేయకూడదనీ 2017 హెచ్‌ఐవీ చట్టం చెప్పింది. 2018 సెప్టెంబర్ నుంచి అది అమలులో ఉంది. మా పెద్దవ్వ మంచాన్ని వరండాలోకి జరపడం ఈనాడు చట్టవిరుద్ధం. మాదిగ పిల్లను దేవతకిచ్చి జోగినిని చేయడం 2016 జనవరి నుంచి అట్రాసిటీ చట్టం కింద కూడా నేరం.

పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తుంది. ఎయిడ్స్ సంగతి అందులో ఉంది. ఎట్లా వస్తుంది అనే ప్రశ్నకు నాలుగు మార్కుల జవాబు ఉంది. నేను ఆ పాఠం రోజు ఇంకో ప్రశ్న బోర్డు మీద రాస్తాను. "వద్దు అనే హక్కు లేని మనిషి జాగ్రత్త ఎట్లా పడాలి?" మగపిల్లలను బయటికి పంపను. వాళ్లు వినాల్సిన పాఠమే అది. మొదట నవ్వుతారు. బలవంతం చేసేది పులీ కాదు, దయ్యమూ కాదు, తెలిసిన మనిషే అని చెప్తే నవ్వు ఆగిపోతుంది. ఒకసారి ఒక పిల్లాడు "పెండ్లాం గూడ వద్దనొచ్చా మేడం?" అని అడిగాడు. అనొచ్చు అన్నాను. పెళ్లయినాక భర్త బలవంతాన్ని మన చట్టం ఇంకా అత్యాచారం అనడం లేదని కూడా చెప్పాను. "మరి చట్టం తప్పు గదా" అన్నది వెనక బెంచీ పిల్ల. ఆ రోజు పాఠం ఆమే పూర్తి చేసింది.

తల్లుల మీటింగు పెట్టిన నాడు ఏఎన్ఎంను, అంగన్‌వాడీ టీచరును పిలుస్తాను. ఒకప్పుడు జోగినిగా ఉన్న ఒక పెద్దమ్మ కూడా వస్తుంది. ఆమె మాట్లాడితే నా బీఎస్సీ, బీఈడీ చిన్నవైపోతాయి. కొందరు టీచర్లకే ఇది నచ్చదు. "వాడల్లో రోగాలుంటాయని నువ్వే చాటింపు వేస్తున్నవు" అన్నారొకరు. నేను చాటేది రోగాన్ని కాదు, 72 గంటలను. దాచిపెట్టడం వల్ల ఎవరికి లాభమో మా పెద్దవ్వ చరిత్ర చెప్పింది.

2023 అంచనాల్లో కూడా హెచ్‌ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పేర్లే ఉన్నాయి. గోడల మీద బొమ్మలు చెరిగిపోయాయి, రోగం పోలేదు, బలవంతం పోలేదు. అందుకే చదివినవాళ్లకు ఒక్క మాట చెప్తున్నా. మీ వాడలో ఎయిడ్స్ మీటింగు జరిగితే బలాత్కారం గురించి అడగండి. బలాత్కారం మీద ధర్నా జరిగితే మందు సంగతి అడగండి. ఈ అంకెలు మీ పిల్లల నోట్‌బుక్కు అట్ట వెనక రాయించండి. పిల్లలకు 1098. ఆడవాళ్లకు 181. హెచ్‌ఐవీ సంగతులకు 1097. అన్నింటికన్నా ముందు, 72.